బంగారం తవ్విన ఊరికి బాకీ ఎవరు తీరుస్తారు?

మా హళ్ళిఖేడ్ (బి)లో పిల్లల్ని కేజీఎఫ్ అంటే ఏమిటని అడిగితే సినిమా పేరు చెబుతారు. 2018లో మొదటిది, 2022లో రెండోది వచ్చాక ఆ మూడక్షరాలు తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ అన్నీ కలిసి మాట్లాడే మా బజారులో కూడా ఇంటి మాటలైపోయాయి. నరాచి అనే కల్పిత గని, అక్కడ బానిసల్లా బతికే జనం, వాళ్ళను విడిపించడానికి వచ్చే ఒక్క మగవాడు, ఇదీ కథ. సినిమాతో మాకు తగాదా లేదు. కాని ఆ అక్షరాల వెనుక ఒక నిజమైన ఊరు ఉంది. అక్కడి జనాన్ని ఎవరో వచ్చి విడిపించలేదు, వాళ్ళే పోట్లాడారు. ఆ పోరాటంలో తెలుగు మాట్లాడే ఒక దళిత క్రైస్తవ కుటుంబం బిడ్డ చేసిన పని దేశం మొత్తానికీ చట్టం దాకా వెళ్ళింది. ఇది మన సంఘాల్లో ఎంతమందికి తెలుసు?

కర్ణాటక పటంలో బీదరు ఉత్తరాన చిట్టచివరి కొస. కోలారు ఆగ్నేయాన ఇంకో కొస, ఆంధ్రకూ తమిళనాడుకూ ఆనుకొని. 1956కు ముందు మనం నిజాం రాజ్యం, వాళ్ళు మైసూరు రాజ్యం. (మా ఊరి పేరు చివరి 'బి' కూడా పాత రెవెన్యూ లెక్కల 'బుజుర్గ్', అంటే పెద్ద ఊరు. చిన్నది 'ఖుర్ద్'. ఇప్పటి పిల్లలు అదేదో బ్లాకు నంబరు అనుకుంటారు.) బంగారం సంగతికి వస్తే మనకు దగ్గరది రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని హట్టి. ఒకప్పుడు నిజాం ప్రాంతపు గని, ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, నేటికీ నడుస్తోంది. హట్టి గురించి విడిగా రాయాలి. ఈసారి కోలారు గురించే ఎందుకంటే, అక్కడ గని మూతపడి ఇరవై ఏళ్ళు దాటాక ప్రభుత్వం కన్ను మళ్ళీ ఆ ఊరి మీద పడింది.

2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒక నిర్ణయం తీసుకుంది. కోలారు గనుల నుంచి వందేళ్ళకు పైగా బయటికి తోసిన పిండి మన్ను 13 గుట్టలుగా, వెయ్యి ఎకరాలకు పైగా నేల మీద పేరుకొని ఉంది. దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నులు. అక్కడివాళ్ళు వాటిని సైనైడ్ గుట్టలంటారు. వాటిలో ఇంకా కొద్దిపాటి బంగారం మిగిలి ఉంది. దాన్ని తీయాలన్న కేంద్రం ప్రతిపాదనకు రాష్ట్రం ఒప్పుకుంది. పత్రికలు గుట్టల్లో ఎంత బంగారం ఉంటుంది, దాని విలువ ఎన్ని కోట్లు అని లెక్కలు వేశాయి. గుట్టల కింద బతుకుతున్న జనానికి ఎంత బాకీ ఉందన్న లెక్క మాకు ఎక్కడా కనిపించలేదు. ఆ లెక్కే ఇక్కడ మాట్లాడాలనుకుంటున్నాం.

ముందు ఆ నేల ఎలాంటిదో చూద్దాం. కోలారు రాతి పట్టీ ఉత్తర దక్షిణాలుగా సుమారు 80 కిలోమీటర్ల పొడవు, వెడల్పు మాత్రం కొద్ది కిలోమీటర్లే. దాని దక్షిణపు కొస చిత్తూరు జిల్లా కుప్పం వైపు దిగుతుంది. అక్కడి చిగురుగుంట, బిసానత్తం గనులు కూడా తర్వాత కోలారు సంస్థ కిందే నడిచాయి. బంగారం ఆ పట్టీలో సన్నటి తెల్లరాతి చారల్లో ఉంటుంది. అందుకే ఊరు కూడా చారలాగే పుట్టింది. బాలాఘాట్, నందిదుర్గ్, ఉరిగాం, ఛాంపియన్ రీఫ్, మారికుప్పం ఇవన్నీ గని నోళ్ళ వరుస. వాటి పక్కనే రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట బజార్లు, బంగారపేట నుంచి లోపలికి వచ్చే చిన్న రైలు దారి. నది లేదు, కోట లేదు, తీర్థం లేదు. బంగారం లేకపోతే ఆ ఊరు లేదు.

1799లో టిప్పు చనిపోయాక ఇంగ్లీషువాళ్ళు మైసూరు హద్దులు కొలిచే పని పెట్టారు. 1802లో ఆ పని మీద వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, ఇక్కడి పల్లెజనం మట్టి కడిగి బంగారు రేణువులు తీస్తారని విన్నాడు, చూశాడు, రాసి పెట్టాడు. అంటే బంగారాన్ని కనిపెట్టింది దొరలు కాదు. పాత గుంతల్లోకి ప్రాణాలకు తెగించి దిగేవాళ్ళు ముందునుంచీ ఉన్నారు. యోబు గ్రంథం 28వ అధ్యాయంలో మనుషులు నడిచే చోటికి దూరంగా, తాడుకు వేలాడుతూ భూమి లోపలికి దిగేవాళ్ళ వర్ణన ఉంది. మన ప్రసంగాల్లో ఆ అధ్యాయం నుంచి జ్ఞానం గురించిన మాటలే తీసుకుంటాం, వేలాడుతున్న మనిషి దగ్గర ఆగం.

వారెన్ రాసినదాన్ని చాలా ఏళ్ళ తర్వాత చదివినవాడు మైకేల్ లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు. న్యూజీలాండులో యుద్ధం చేసి, అక్కడి బంగారం వేట చూసి వచ్చినవాడు. 1875లో మైసూరు ప్రభుత్వం నుంచి అనుమతి సంపాదించాడు కాని అతని దగ్గర అంత పెట్టుబడి లేదు. చేతులు మారి చివరికి 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ దిగింది. అక్కడి నుంచే అసలు కథ. ఛాంపియన్ రీఫ్ గని చివరికి నేల కింద మూడు కిలోమీటర్లకు పైగా దిగింది. అంత లోతులో రాయి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. పైనున్న కొండ బరువుకు రాయి ఉన్నట్టుండి తుపాకి గుండులా పగులుతుంది. పగిలితే కింద ఉన్నవాళ్ళు పైకి రారు. రాకపోతే, పీల్చిన రాతి పొడి ఊపిరితిత్తుల్లో గట్టిపడి నెమ్మదిగా చంపుతుంది. దానికి సిలికోసిస్ అని పేరు. 120 ఏళ్ళలో ఆ నేల నుంచి తీసిన బంగారం సుమారు 800 టన్నులు.

దాన్ని తీసినవాళ్ళు ఎవరు? ఎక్కువమంది ఉత్తర ఆర్కాడు వైపు నుంచి వచ్చిన తమిళ దళితులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళు కూడా. పల్లెలో పెత్తందారు కొరడా తప్పించుకొని గనికి వచ్చారు. ఇది ఒప్పుకోవాలి: గని వాళ్ళకు కూలీని డబ్బు రూపంలో ఇచ్చింది, సాయంత్రం ఎవరి ముందూ చెప్పులు విప్పక్కరలేని బజారు ఇచ్చింది. అందుకే ఆ ఊళ్ళో ఆలోచనలు కూడా పుట్టాయి. అయోతిదాసు బౌద్ధ సంఘానికి మారికుప్పంలో, ఛాంపియన్ రీఫ్‌లో గట్టి శాఖలుండేవి. ఆయన నడిపిన 'తమిళన్' పత్రికను 1920లలో జి. అప్పాదురై కోలారు గనుల నుంచే మళ్ళీ తెచ్చాడు. తర్వాతి కాలంలో అంబేద్కర్ బాటలో నడిచిన రిపబ్లికన్ పార్టీ ఇక్కడి నుంచి శాసనసభకు మనుషుల్ని పంపింది. 1930లో కార్మికులందరి వేలిముద్రలు తీసి నమోదు చేయాలని యాజమాన్యం చూస్తే, మేమేమైనా దొంగలమా అని వేలమంది పని ఆపేశారు. 1946లో సమ్మె నెలల తరబడి సాగింది. ఆ నవంబరులో పోలీసుల చేతుల్లో కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. షిఫ్టు దిగి పైకి వచ్చిన ప్రతి మనిషినీ ఒంటిమీద చెయ్యివేసి వెతికే ఊరది. బంగారం దొంగతనం అన్న అనుమానం కూలీ మీదే, కంపెనీ మీద ఎన్నడూ కాదు.

ఇక అసలు విషయం. 1902లో కావేరి నది మీద శివనసముద్రం జలపాతం దగ్గర కరెంటు తయారు చేసి, దాదాపు 150 కిలోమీటర్లు తీగలు లాగి మొట్టమొదట వెలిగించింది కోలారు గనుల్నే. బెంగుళూరు నగరానికి దీపం 1905లో గాని రాలేదు. పాలారు మీద బేతమంగల చెరువు నుంచి నీళ్ళు తెచ్చారు. దొరలకు బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం, పెద్ద ఆసుపత్రి. చిన్న ఇంగ్లండు అని మురిసిపోయేవారు. కార్మికులు తట్టి గుడిసెల్లో మొదలుపెట్టి, తర్వాత వరుస వరుసగా కట్టిన చిన్న గదుల్లోకి మారారు. వాటిని ఇప్పటికీ లైన్లు అంటారు. ఆ లైన్ల మధ్య అందరికీ కలిపి కట్టినవి పాకీదొడ్లు. నీళ్ళు లేని దొడ్లు. పొద్దున్నే మనుషులు వచ్చి రేకుతో గోకి, బకెట్లో పోసి, నెత్తినో చేతనో మోసుకుపోవాలి.

మూడు కిలోమీటర్ల లోతుకు గాలి, వెలుగు, నీళ్ళు పంపగలిగిన ఇంజనీర్లకు దొడ్డికి నీళ్ళు పెట్టడం తెలియక కాదు. ఆ పని చేసే కులం చౌకగా దొరికింది. గనిలో దిగే దళితుడి కంటే ఇంకో మెట్టు కింద ఆ కులాన్ని నిలబెట్టారు. ఆ పనిలో ఉన్నవాళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. 1956లో మైసూరు ప్రభుత్వం గనులు తీసుకుంది, 1962లో కేంద్రం చేతికి వెళ్ళాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అనే ప్రభుత్వ రంగ సంస్థ ఏర్పడింది. జెండా మారింది. పాకీదొడ్డి మారలేదు.

అలాంటి ఒక ఇంట్లో 1966లో పుట్టినవాడు బెజవాడ విల్సన్. తండ్రి యాకోబు, తల్లి రాహేలు. పేర్లు చూస్తేనే మన ఇల్లని తెలుస్తుంది. తండ్రి 1930లలోనే ఈ పనిలో చేరాడు. అన్న కూడా ఇదే పని చేశాడు. చిన్నవాడిని చదివించాలని కుప్పం వైపు హాస్టలుకు పంపారు. చదువుకొని వచ్చి ఉపాధి కార్యాలయానికి వెళ్తే, ఏ పని కావాలన్న చోట అక్కడి ఉద్యోగి అడగకుండానే పాకీ పని అని రాశాడని, ఆ కాగితం చింపేశానని ఆయనే చాలాచోట్ల చెప్పారు. ఊళ్ళో సంఘం పిల్లలకు చదువు చెబుతూ, వాళ్ళ తండ్రులు ఎందుకు తాగుతున్నారని ఆరా తీస్తూ, చివరికి దొడ్ల దగ్గరికి వెళ్ళి కళ్ళారా చూశారు. 1986 నుంచి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. యాజమాన్యానికి, అధికారులకు, మంత్రులకు. ఫోటోలు తీశారు. ఇక్కడ పాకీదొడ్లే లేవని జవాబిస్తే ఆ ఫోటోలు చూపించారు. సంగతి పత్రికలకెక్కాక, 1990ల మొదట్లో సంస్థ దొడ్లను నీటి మరుగుదొడ్లుగా మార్చి, పాకీ పనివాళ్ళను వేరే పనుల్లోకి తీసుకోక తప్పలేదు.

అక్కడితో ఆగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పేదల ఐఏఎస్ అధికారిగా పేరున్న ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్ తోడుగా 1990ల మధ్యలో సఫాయి కర్మచారీ ఆందోళన్ మొదలైంది. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1993 నాటి చట్టం చాలదని 2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27న కోర్టు తీర్పు ఇస్తూ, 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షల రూపాయలు ఇవ్వాలంది. 2016లో విల్సన్‌కు మెగసెసే పురస్కారం వచ్చింది. 800 టన్నుల బంగారం ఇచ్చిన ఊరు దేశానికి ఇచ్చిన అసలైన సంపద ఇదేనని మేమంటే కొందరు నవ్వవచ్చు. నవ్వనివ్వండి.

ఇప్పుడు కాసేపు దూరం వెళ్దాం, బ్రెజిల్‌కు. కోలారుకు వచ్చిన తెల్ల మేస్త్రీల్లో చాలామంది ఇంగ్లండులోని కార్న్‌వాల్ వాళ్ళు. తగరం గనుల్లో పుట్టి పెరిగినవాళ్ళు. వాళ్ళ సొంత ఊళ్ళు వెస్లీ బోధకు పేరుపడ్డవి. బీదరు జిల్లా మెథడిస్టులమైన మనకు ఒక రకంగా వేలువిడిచిన బంధువులు. వాళ్ళే బ్రెజిల్‌లోని మినాస్ జెరైస్ రాష్ట్రానికి కూడా వెళ్ళారు. ఆ రాష్ట్రం పేరుకే గనుల నేల అని అర్థం. అక్కడ నోవా లిమా అనే ఊళ్ళో మొర్రో వెల్యో గనిని 1834 నుంచి ఒక ఇంగ్లీషు కంపెనీ నడిపింది. కొండల నడుమ ఊరు, కింద గని, పైన కంపెనీవారి ఇళ్ళు, కోలారు అన్నలా ఉంటుంది. కాని అక్కడ కూలీలు కాదు, ఆఫ్రికా బానిసలు. ఇంగ్లండు తన రాజ్యంలో బానిసత్వం రద్దు చేసుకున్నాక కూడా, ఇంగ్లీషు కంపెనీ అక్కడ బానిసల చేత తవ్వించింది. 1845లో ఆ కంపెనీ కాటా బ్రాంకా అనే మూతపడ్డ గని నుంచి 385 మందిని అద్దెకు తీసుకుంది. 14 ఏళ్ళయ్యాక వాళ్ళను విడుదల చేయాలన్నది ఒప్పందం. గడువు తీరింది, విడుదల లేదు. 1879లో జొవాకిం నబుకో అనే నాయకుడు పార్లమెంటులో బయటపెట్టేదాకా, బతికున్నవాళ్ళు బానిసలుగానే తవ్వుతూ ఉన్నారు. కాగితం మీద సంతకం ఉంది, మనిషి మాత్రం గనిలో ఉన్నాడు.

అదే రాష్ట్రంలో ఇంకో ఊరు మరియానా. 1696లో ఏటి ఇసుకలో బంగారం దొరికి పుట్టిన ఊరు. మినాస్ జెరైస్‌లో మొదటి పట్టణం, మొదటి బిషప్ పీఠం అదే. బంగారం అయిపోయాక గుళ్ళు మిగిలాయి, ఇనుప గనులు వచ్చాయి. 2015 నవంబర్ 5న ఆ పట్టణం పరిధిలో ఇనుప గని వ్యర్థాల ఆనకట్ట తెగింది. బురద బెంటో రోడ్రిగెస్ అనే పల్లెను పూడ్చేసి, 19 మందిని చంపి, దోసే నదిలో 600 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి సముద్రంలో కలిసింది. కోలారు గుట్టలు ఎండు గుట్టలు, అలా తెగే ఆనకట్టలు కావు. పోలిక అక్కడికే ఆపాలి. కాని గని వ్యర్థం అంటే ఎవరికీ పట్టని మన్ను కాదని, దాన్ని కదిలించే ముందు కింద ఉన్న ఊరిని అడగాలని మరియానా నేర్పింది.

కోలారులో ఆ గుట్టలు కదలకపోయినా ఎగురుతాయి. ఎండాకాలం గాలి లేస్తే సన్నటి పిండి ఇళ్ళలోకి, గిన్నెల్లోకి, ఊపిరిలోకి వస్తుంది. రాయి నుంచి బంగారం విడదీయడానికి దశాబ్దాల పాటు వాడిన సైనైడ్ పేరు ఆ గుట్టలకు ఊరికే రాలేదు. ఇప్పుడు వాటిని యంత్రాలతో తవ్వి, మళ్ళీ రుబ్బి, మళ్ళీ కడుగుతారు. దుమ్ము ఎవరు పీలుస్తారు? కడిగిన నీళ్ళు ఎటు పోతాయి? మిగిలిన మన్ను ఎక్కడ పోస్తారు?

2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు. ఒక్క రోజులో వేలాదిమందికి జీతం ఆగింది. కొంత సొమ్ము చేతిలో పెట్టారు, తక్కినవి కోర్టుల్లో తేలాలన్నారు. నాటి నుంచి ఆ ఊరి యువత తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు వెళ్ళి, రాత్రికి తిరిగి వస్తున్నారు. రోజూ వేలమంది. తాత భూమిలోకి దిగితే మనవడు రైలెక్కుతున్నాడు. మా బీదరు పిల్లలు హైదరాబాదు బస్సు ఎక్కినట్టే. తరాలుగా ఉన్న లైన్ ఇల్లు ఎవరిది అన్న ప్రశ్న గని మూతపడిన నాటి నుంచీ ఒక పోరాటంగానే ఉంది. కోసిన వాడి కూలి బిగబట్టిన పొలం గురించి యాకోబు పత్రిక 5వ అధ్యాయం మాట్లాడుతుంది. ఆ మాటను పొలానికే పరిమితం చేయనక్కరలేదు.

ఇంకో బాకీ ఉంది, అది గని సంస్థది కాదు, దేశానిది. ఛాంపియన్ రీఫ్ లైన్లలో ఒకే తాతకు పుట్టిన ఇద్దరు అన్నదమ్ముల్ని ఊహించుకోండి. ఒకరు బౌద్ధులయ్యారు, ఒకరు క్రైస్తవులయ్యారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులంవాడు కాడు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ తమ్ముడు ఇంకా బయటే. ఇద్దరి తాతా ఒకే గనిలో ఒకే దుమ్ము పీల్చి చనిపోయాడు. పాకీ పనికి పిలిచినప్పుడు ఎవరూ మతం అడగలేదు. దీని మీద 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. అప్పటికే 72 ఏళ్ళు గడిచాయి.

కాబట్టి గుట్టల వేలం సంగతి వచ్చినప్పుడు మన సంఘాలు, మన పెద్దలు, మన డిస్ట్రిక్టు సూపరింటెండెంట్లు నోరు విప్పాలని మేమంటున్నాం. కోలారు దూరమని అనుకోవద్దు. హట్టి దూరం కాదు, అక్కడా మన్ను గుట్టలున్నాయి, అక్కడా లోపలికి దిగేది మనవాళ్ళే. రాష్ట్ర గనుల శాఖకు రాసే ఉత్తరంలో ఈ నాలుగు మాటలుంటే చాలు. గుట్టల మీద మొదటి పార దిగకముందే లైన్ ఇళ్ళు అందులో ఉన్నవాళ్ళ పేరున రాయాలి, పాకీ పని చేసిన కుటుంబాలతో సహా. సిలికోసిస్ పరీక్షలు పాత కార్మికులందరికీ, వాళ్ళ విధవలతో సహా, ప్రభుత్వ ఖర్చుతో చేయించి పరిహారం తేల్చాలి. దుమ్ము, నీళ్ళ పరీక్షల ఫలితాలు ప్రతి నెలా తమిళంలో, తెలుగులో, కన్నడలో వీధి గోడల మీద అంటించాలి. బంగారం అమ్మిన సొమ్ములో ఒక వాటా ఊరికి రావాలి, ఎంత వాటా అన్నది ఊరి సభ తేల్చాలి. కాటా బ్రాంకా వాళ్ళ దగ్గర కూడా ఒప్పందం కాగితం ఉండేది గనుక, ఇవన్నీ తర్వాత చూస్తామన్న హామీ రూపంలో కాక, టెండరు షరతుల్లోనే రాసి ఉండాలి.